నాలుగో వరుసలో ఆరో చెట్టు

మొన్న కరెంటు తీగలకు అడ్డమొస్తోందని పక్కింటివాళ్లు బత్తాయి చెట్టు కొట్టించారు. పచ్చికొయ్య వాసన మా ఇంట్లోకి వచ్చింది. లేచి తలుపేసుకున్నాను. నవ్వితే నవ్వండి, ఈ వయసులో కూడా ఆ వాసనకు నా ముఖం వేడెక్కుతుంది, దీనమ్మ పిన్ని ఎదుట నిలబడ్డట్టే ఉంటుంది.

పిన్ని అంటే నాకు చుట్టమేమీ కాదు, మా పేటలో అందరికీ పిన్నే. కారంపూడి పక్కన ఒక కామందు బత్తాయి తోటలో మా ఆడకూలీల మీద మేస్త్రీగా ఉండేది. చిన్నతనంలో మిషన్ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుంది. రెండో ప్రపంచయుద్ధం రోజులవి. కామందు కొడుకు పైచదువు చదివొచ్చి తోటలో ప్రతి వరుసకూ, ప్రతి చెట్టుకూ కాగితం మీద అంకె పెట్టాడు. పనులన్నీ చీటీల మీదే. చీటీ చదవగలిగినవాళ్లకు మొక్కలకు అంట్లు కట్టే పని, తక్కినవాళ్లకు గంపమోత అన్నారు. దాంతో పిన్ని మధ్యాహ్నం సంకటి తిన్నాక మమ్మల్ని కూర్చోబెట్టి ఇసకలో పుల్లతో అక్షరాలు, అంకెలు దిద్దించేది. చంకలో పిల్లను పెట్టుకుని అ ఆలు దిద్దడమా అని నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. బావి దగ్గర మోట తోలేవాళ్లు చూసి నవ్వేవాళ్లు.

"నవ్వనియ్యవే మార్తా. వాళ్ల నవ్వు మనకు కూడు పెట్టుద్దా ఏంది?" అనేది పిన్ని.

నేర్చుకున్నాను. గర్వం కూడా వచ్చింది, దాచడమెందుకు. కోతలు అయిపోయాక ఒకరోజు చీటీ వచ్చింది. పిన్ని తాను చూడకుండానే దాన్ని నా చేతిలో పెట్టింది. నాలుగో వరుసలో ఆరో చెట్టుకు కాపు లేదు, కొట్టేయాలి అని అందరికీ వినబడేలా చదివాను. గొడ్డళ్లతో ఇద్దరు మగవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, ఈశాన్యం మూల నుంచి ఎంచి చెట్టు చూపించాను. మా వైపు విత్తనం వేసినా, గొయ్యి తవ్వినా మొదలు ఈశాన్యమే. చర్చికి పోయే మేమూ అంతే. లెక్క ఇంకో వైపు నుంచి మొదలవుతుందని నా బుర్రకు తట్టనే లేదు. చిన్నకామందు గేటు నుంచి ఎంచాడట, గేటేమో నైరుతిలో ఉంది. కాయలు లేని కాలం, చెట్లన్నీ ఒకేలా కనిపించాయి. తోటలోకెల్లా విరగకాసే చెట్టును కొట్టించాను.

పెద్దకామందు వచ్చి, పడిపోయిన చెట్టు దగ్గర మమ్మల్నందరినీ నిలబెట్టాడు. నేనే చూపించానయ్యా అన్నాను. ఆయన నా వంక చూడనైనా లేదు. నన్ను తిట్టడం కూడా దండగ అనుకున్నాడేమో. దీనికి చదువు చెప్పిందెవరని అడిగాడు. నేనే, ఎటునుంచి ఎంచాలో అడగమని చెప్పలేదు, తప్పు నాదే అంది పిన్ని. మేస్త్రీ పని అక్కడికక్కడే ఊడింది. మర్నాటి నుంచి గంప మోయమన్నారు.

మధ్యాహ్నాలు నేను దూరంగా గట్టు మీద కూర్చునేదాన్ని. ఒకరోజు పిన్ని నెత్తి మీది చుట్టకుదురు తీసి పక్కన పెట్టి, ఎప్పటిలాగే ఇసక చదును చేసి నన్ను పిలిచింది. సిగ్గుగా ఉంది పిన్నీ, నాకీ చదువొద్దు అన్నాను.

"పడితే పడవే సిగ్గు, ఎవురొద్దన్నారు? సిగ్గుపడతానే దిద్దు" అంది.

ఏడుస్తూ దిద్దాను.

మళ్లీ చీటీ వచ్చినప్పుడు చిన్నకామందు దగ్గరికి వెళ్లి, ఎటునుంచి ఎంచాలయ్యా అని అడిగాను. ఆయనకు నచ్చింది. నచ్చి, మేస్త్రీ పని నాకిచ్చాడు. వద్దంటే ఇంట్లో పొయ్యి వెలగదు. తలూపాను.

మొదటిరోజు పొద్దున్నే హాజరు పిలవాలి. గంప పట్టుకుని కూలీల వరుసలో పిన్ని నిలబడి ఉంది. ఒక్కొక్కరినే పిలుస్తూ వచ్చి ఆమె పేరు దగ్గర ఆగిపోయాను. అందరూ నన్నే చూస్తున్నారు.

"చదవ్వే" అంది పిన్ని. "నేర్పింది నేనే గదా. గట్టిగా చదువు."

చదివాను. ఉన్నానమ్మా అని, గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. నన్ను అమ్మా అంది! మేస్త్రీని అలాగే పిలవాలి మరి.

ఆ తోటలో చాలా ఏళ్లు హాజరు పిలిచాను. ఆ ఒక్క పేరు మాత్రం ఏనాడూ తలెత్తి చదవలేకపోయాను. ఇప్పుడిక్కడ రాసింది కూడా తల వంచుకునే.