భీముడి కంచం, నాన్నమ్మ పథ్యం

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీద ఉండేదని మావాళ్ళు అంటారు. అబద్ధం. ముక్కు మీద ఆగితే కదా, ఒళ్ళంతా ఉండేది. బీఎడ్ చదివి, ఉద్యోగం లేక, వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊళ్ళో ఊరికే కూర్చున్నవాడికి కోపం తప్ప ఏం మిగులుతుంది? సరిగ్గా అప్పుడే మా చిన్నాన్న, జీడితోటకి కాపలా ఉంటుందని విశాఖపట్నం నుంచి ఒక గ్రేట్ డేన్ జాతి కుక్కపిల్లని తెచ్చి మా వాకిట్లో దించాడు. "ఉద్దోగం లేదంతన్నావు గదా, దీన్ని సూసుకో" అని చెప్పి, తాను మాత్రం పలాసలోని తన ఇంటికి వెళ్ళిపోయాడు. (మనిషికి సిగ్గుండాలి. ఆయనకి ఇప్పటికీ లేదు.) రెండు నెలల కూన, పాదాలు మాత్రం ఒక్కొక్కటి గారె అంత. నాన్నమ్మ దానికి భీముడని పేరు పెట్టింది.

టీకా వేయించడానికి పలాస తీసుకెళ్తే పశువుల డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఈ జాతి కుక్క ఎంత నెమ్మదిగా పెరిగితే అంత మంచిదట. ఎముకలు గట్టిపడడానికి చాలా కాలం పడుతుందట. ఎక్కువ పెట్టి లావు చేస్తే ఒళ్ళు ముందు పెరిగిపోయి కాళ్ళు మోయలేవట. కొంచెం కొంచెంగా మూడు పూటలు పెట్టాలి, నిమిరితే పక్కటెముకలు చేతికి తగలాలి, అంతే. నాకు అర్థమయింది. అర్థం కానిది మా ఊరికి. మా ఉద్దానంలో గుమ్మంలో ఉన్న జీవి డొక్క కనిపిస్తే ఆ ఇంటికి పరువు తక్కువ. తోటలో జీడిపిక్కలు ఏరే ఆడవాళ్ళు దారిన పోతూ "మీ కాడ కూడు లేదేటి బావూ, గుంటడు ఎండిపోతన్నాడు" అని తలా ఒక ముద్ద వేసిపోయేవారు. అమ్మ చల్లన్నం పెట్టేది. ఇక నాన్నమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. ముద్దపప్పు, కొబ్బరి ముక్కలు, ఎండుచేపల పులుసు కలిపిన అన్నం, ఏ పూటకాపూట దొంగచాటుగా నడిచేది. నేను గేటుకి తాళం వేస్తే గోడ మీంచి వేసేవాళ్ళు. నేను అరిస్తే, అరిచినంతసేపూ ఆగి, తర్వాత పెట్టేవాళ్ళు.

ఐదో నెల వచ్చేసరికి భీముడి ముందు కాళ్ళు విల్లులా వంగిపోయాయి. నాలుగడుగులు వేసి కూలబడేవాడు. పలాస తీసుకెళ్ళడానికి ఆటోలో ఎక్కిస్తుంటే డ్రైవరు "ఇది కుక్కా, దూడా బావా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. డాక్టరు ఈసారి తిట్టాడు, అదీ నన్ను. ఇలాగే పెడితే ఇక నడవదు, అప్పుడు నా దగ్గరికి తేవద్దు అన్నాడు. దారి పొడుగునా పళ్ళు కొరుక్కుంటూ ఇంటికొచ్చేసరికి నాన్నమ్మ దిష్టి తియ్యడానికి ఉప్పు, మిరపకాయలు పట్టుకుని, బొచ్చెనిండా చేపల పులుసన్నం కలిపి సిద్ధంగా ఉంది.

"సత్తువ లేక కాళ్ళు వంగిపోనాయిరా. నాలుగు రోజులు కడుపునిండా పెడితే నెగుస్తాడు" అంది.

నేను ఆ బొచ్చెను ఒక్క తన్ను తన్నాను. అన్నం కోళ్ళపాలయింది. నీ ప్రేమతో దీన్ని కుంటిదాన్ని చేస్తున్నావు, నీకు బుద్ధుందా అని ఊరంతా వినబడేలా అరిచాను. నాన్నమ్మ చేతికంటిన పులుసు చీర కొంగుకి తుడుచుకుని అరుగు మీద కూర్చుంది. మెల్లగా అంది.

"నాకు డాక్టరు ఉప్పొద్దన్నాడు. పప్పొద్దన్నాడు. ఎండుసేపలు వద్దన్నాడు. కొబ్బరినీళ్ళు ముట్టుకోవద్దన్నాడు. కొబ్బరిసెట్ల కింద పుట్టినదాన్నిరా నాను. ఇంట్లో ఒక్క నోరైనా కమ్మగా తింతాంటే సూద్దామనుకున్నాను."

మా వైపు ఎన్నో ఇళ్ళల్లో ఉన్న కిడ్నీ జబ్బు నాన్నమ్మకీ ఉంది. అది నాకు తెలియని సంగతి కాదు. కానీ ఆమెకి వద్దన్నవన్నీ వరసగా ఆ కుక్క బొచ్చెలోకి వెళ్తున్నాయని ఆ క్షణం దాకా తట్టలేదు. నా కోపం పోలేదు గానీ, దానికి నిలబడడానికి చోటు లేకపోయింది. ముసలిదాని మీద చూపించలేను. మా నీళ్ళ మీద, మట్టి మీద, ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేల్చి చెప్పని పెద్దమనుషులందరి మీద ఆ కోపం అలాగే ఉంది.

మర్నాటి నుంచి నాన్నమ్మకీ, భీముడికీ ఒకేసారి, నా చేత్తో కొలిచి వడ్డించాను. "ఆడికో గరిటె ఎక్కువెయ్యరా" అనేది. వెయ్యను అనేవాణ్ణి. "పోనీ నాకెయ్యి" అనేది. నీకసలే వెయ్యను అనేవాణ్ణి. ఇద్దరూ ఒకే రకంగా మూతి ముడిచి నా వంక చూసేవారు. కొన్ని నెలలకి భీముడి కాళ్ళు కొద్దిపాటి వంకరతో నిలబడ్డాయి. పెద్దవాడయ్యాక రెండు పూటలే పెట్టేవాణ్ణి, తిన్న వెంటనే పరిగెత్తిస్తే ఆ జాతికి కడుపు మెలిపడుతుందని డాక్టరు అంటే, ఆడించడానికి వచ్చిన పిల్లల్నందరినీ తరిమేవాణ్ణి. (వీధిలో నాకు అప్పుడు పెట్టిన పేరు ఇక్కడ రాయలేను.)

ఇప్పుడు టెక్కలిలో మాస్టర్ని, ఊరినుంచే వెళ్ళొస్తుంటాను. భీముడికి ఎనిమిదో ఏడు, వాడి జాతికి అది పండు ముసలితనం. నాన్నమ్మ మందులతో నెట్టుకొస్తోంది. భీముడు తిండి తగ్గించేశాడని మొన్న తీసుకెళ్తే పశువుల డాక్టరు చూసి, ఇక కొలతలేం వద్దు, ఏది తింటే అది పెట్టండి అన్నాడు. ఆ మాటకి నాకు మండిపోయింది. నిన్న సాయంత్రం మెత్తగా పిసికిన పెరుగన్నం పట్టుకుని వాడి ముందు గొంతుక్కూర్చున్నాను. వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. తినరా ఎదవా, ఒక్క ముద్ద తినరా అని అరిచాను.

"అప్పుడు తింతన్నాడని అరిసినావు. ఇప్పుడు తిననేదని అరుత్తన్నావు. నీ అరుపు ఆడికి అన్నమేటిరా?" అంటూ నాన్నమ్మ మంచం దిగొచ్చింది. నా చేతిలోంచి ముద్ద తీసుకుని, వాడి మూతి దగ్గర చెయ్యి చాపి అలాగే కూర్చుంది. ఎంతోసేపటికి వాడు నాలుక చాపి ఆ ముద్ద అంచు నాకాడు. నాకు మళ్ళీ కోపం ముంచుకొచ్చి పెరట్లోకి వెళ్ళిపోయాను. ఇంత వయసొచ్చినా నాకు ఏడుపు కోపంలాగే వస్తుంది, నవ్వుకోండి.