ఏడో ఆజ్ఞ మీరినవాడు

ముప్పై ఏళ్ళుగా సాఫీగా సాగుతున్న ఒక కాపురాన్ని ఒకే ఒక్క ఆదివారం ఉదయం, అదీ చర్చిలో, అదీ మైకులో కూల్చిపారేసినవాణ్ణి నేను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సగం మంట నా మీదే. మిగతా సగం ఎవరి మీదో మీకే తెలుస్తుంది.

సత్తెనపల్లి దగ్గర మిరప పండే ఊరు మాది. మాది లూథరన్ సంఘం. పాతికేళ్ళ వయసులో నన్ను యూత్ సెక్రటరీగా ఎన్నుకున్నారు. పోటీకి ఇంకెవరూ నిలబడలేదన్న చిన్న సంగతిని నేను లెక్కచెయ్యలేదు. దేవుడి పది ఆజ్ఞల పలకలు పట్టుకుని మోషే కొండ దిగి వస్తున్నట్టు వీధిలో నడిచేవాణ్ణి. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ప్రకటన చదివినట్టే అడిగేవాణ్ణి. మా అమ్మ రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు "కుండ అక్కడే ఉంది సెక్రటరీ గారూ, ముంచుకోండి" అంది.

పదవిలోకి వచ్చిన మూడో వారం, విందులప్పుడు పరిచే చర్చి టార్పాలిన్ పట్టా కనపడలేదు. అది కల్లాల్లో మిరపకాయలు ఎండే కాలం. చిన్న మబ్బు కనపడితే చాలు, ఊరంతా పట్టాల కోసం పరిగెత్తుతుంది. శనివారం సాయంత్రం పొలం నుంచి వస్తూ చూద్దును కదా, దానియేలు మామ కల్లంలో, మిరప రాశి మీద అచ్చం అలాంటి నీలం పట్టాయే మెరుస్తోంది. దానియేలు మామ మా అమ్మకు వరసకు అన్న. అరవై దాటిన మనిషి, సంఘ పెద్ద.

"మామా, ఈ పట్టా ఎక్కడిది?" అని అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే నా ఆవేశం ఏం కావాలి? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చర్చి దొంగను యూత్ సెక్రటరీ పట్టగలడని నేను ఊరికి చూపించదలిచాను.

మర్నాడు ఆరాధనలో ప్రకటనలు చదివే పని నాది. అన్నీ చదివేసి, గొంతు సవరించుకుని ఇలా అన్నాను.

"మన సంఘంలో ఒక పెద్దమనిషి ఏడో ఆజ్ఞ మీరాడు. పేరు చెప్పను. మగవాళ్ళ వైపు మూడో బెంచీలో, ఈ చివర కూర్చున్నాడు. నిన్న సాయంత్రం కల్లం దగ్గర నా కళ్ళతో చూశాను. నీలం రంగు కూడా గుర్తుపట్టాను. ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో అక్కడ మర్యాదగా దింపేస్తే ఆయనకే మంచిది."

ఆడవాళ్ళ వైపు నుంచి దానియేలు మామ భార్య మరియమ్మత్త లేచింది. బైబిలు మూసి, కొంగు తల మీదకు లాక్కుని బయటికి వెళ్ళిపోయింది. భర్త దొంగతనానికి సిగ్గుపడిందనుకుని, నా మాటకు ఎంత పదునుందో అని నాలో నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం దానియేలు మామ మా ఇంటికి వచ్చాడు.

"ఏరా జయరాజూ, నేనేం దొంగిలించానురా?"

"మీ మనస్సాక్షిని అడగండి." చిన్నప్పటి నుంచీ ఆయన్ని నువ్వనే పిలిచేవాణ్ణి. ఆ రోజు మాత్రం మీరు అన్నాను.

"అది తర్వాత అడుగుతాలే. ముందు నువ్వు చెప్పు. మీ అత్త 'ఆ నీలం చీరది ఎవత్తె?' అని అడిగి సింగరాయకొండ బస్సెక్కి పుట్టింటికి పోయింది. మధ్యలో చీర ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"చీర కాదు, చర్చి పట్టా."

"కల్లంలోదా? అది నరసరావుపేటలో కొన్నానురా, మొన్ననే."

సరిగ్గా అప్పుడే మా గుమ్మం ముందు బండి ఆగింది. పట్టాలు, గుడారాలు కుట్టే మస్తాన్ దిగాడు. "సెక్రటరీ గారూ, చర్చి పట్టా కుట్టి వారమైందండి. మీరు రాలేదని నేనే తెచ్చాను" అని నీలం చుట్టను అరుగు మీద పెట్టాడు.

ఎన్నికైన మర్నాడే, చిరిగిందని దాన్ని నేనే బండి మీద తీసుకెళ్ళి, "జాగ్రత్తగా కుట్టు, దేవుడి సొత్తు" అని మస్తాన్‌కి ఉపదేశం చేసి వచ్చాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం పాత సామెత. నేను పిల్లను కుట్టుపనికి ఇచ్చి, మేనమామ మీద నేరం మోపాను.

దానియేలు మామ ఆ చుట్టను కాలితో పక్కకు దొర్లించి, "చొక్కా వేసుకో. బస్సుకి టైమవుతోంది" అన్నాడు.

గుంటూరు బస్టాండులో నాకు ఇడ్లీ పెట్టించాడు. నేను ప్లేటు పక్కకు జరిపాను. "నన్ను క్షమించావా మామా?" అన్నాను.

"లేదు. చెంప పగలగొట్టాలని ఉంది. కోపం తగ్గేదాకా నిన్ను పస్తు పెట్టలేనుగా, తిను."

కృప గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఇంత చిరాకుగా వడ్డించిన కృపను మాత్రం అదే చూడటం. రెండో ప్లేటు కూడా చెప్పాడు, నా మొహం చూడకుండానే.

సింగరాయకొండలో మరియమ్మత్త తలుపు తీసి, "ఏడో ఆజ్ఞ మీరినాయనకు ఇక్కడేం పని?" అంది.

"అత్తా, మామ దొంగతనం చెయ్యలేదు. తప్పు నాది."

"దొంగతనమేంటి? ఏడోది వ్యభిచారం కదా."

ఆవిడ అన్న యోహాను గారు అక్కడి బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఆయన తేల్చారు. విగ్రహాలను పూజించకూడదన్న మాటను మేం మొదటి ఆజ్ఞలోనే కలిపేస్తాం. వాళ్ళు దాన్ని విడిగా రెండోదంటారు. అక్కణ్ణుంచి వాళ్ళ అంకె మాకంటే ఒకటి ముందు నడుస్తుంది. చివర్లో పొరుగువాడిది ఆశించకూడదన్నదాన్ని మేం రెండు చేసి పది నింపుకుంటాం. మా ఏడు దొంగతనం, వాళ్ళ ఏడు వ్యభిచారం. వాళ్ళకు దొంగతనం ఎనిమిదోది. మరియమ్మత్త చిన్నప్పుడు పుట్టింట్లో బట్టీపట్టిన లెక్కను ముప్పై ఏళ్ళ లూథరన్ కాపురం కూడా మార్చలేకపోయింది. రాతి పలకల మీద చెక్కి ఇచ్చినవాటికి కూడా రెండు లెక్కలేమిటండీ? నా మిగతా సగం మంట ఆ లెక్కలు కట్టినవాళ్ళ మీదే.

అంతా విని మరియమ్మత్త పకపకా నవ్వింది. "దొంగతనమా? ఈయనా? పక్క చేలో రాలిన కాయ కూడా ఏరడు. నేను చచ్చినా నమ్మను."

దానియేలు మామ మొహం ఎండుమిరపకాయ అయింది. "అంటే, ఆ రెండోదైతే వెంటనే నమ్మేశావా?"

అత్త టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. మామ ఊరు చేరేదాకా ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు.

ఏ మైకులో అన్నానో ఆ మైకులోనే తప్పు ఒప్పుకోవాలన్నది అత్త షరతు. తర్వాతి ఆదివారం, సాక్షిగా యోహాను గారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. అబద్ధసాక్ష్యం చెప్పానని ఒప్పుకోవాలి. ఆ మాట నోట పలకడానికి సిగ్గేసి, అంకె అయితే గౌరవంగా ఉంటుందని మా లెక్కలో ఇలా అన్నాను.

"నేను మన దానియేలు మామ విషయంలో ఎనిమిదో ఆజ్ఞ మీరాను. ఆయన, సంఘమంతా నన్ను క్షమించాలి."

యోహాను గారు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. ఎనిమిది దగ్గర ఆగి, పక్కనున్న చెల్లెలి భర్తతో చర్చంతా వినపడేలా అన్నారు.

"అయితే బావా, నీ పట్టా కొట్టేసింది ఈ అబ్బాయేనన్నమాట."

అందుకే సంఘము ఎదుట, రెండు లెక్కల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ కంఠంలో ప్రాణముండగా మైకు ముందు అంకె అన్నది పలకను. ఎన్నో కీర్తన పాడాలో చెప్పమన్నా సరే, మొదటి చరణం నేనే పాడి వినిపిస్తాను గానీ నంబరు మాత్రం చెప్పను.