పద్దెనిమిది అంగుళాల మోకాలు

మా అల్లుడు చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాడు. నేను ఏడో తరగతితో బడి మానేసి, ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ జీపు నడిపి రిటైరైనవాణ్ణి. మా ఇద్దరిలో స్ప్రింగు గురించి ఎవరికి ఎక్కువ తెలుసు అన్న ప్రశ్న ఇంట్లో రానే కూడదు. వచ్చింది. దానికి జవాబు చెప్పింది మాత్రం మా ఆవిడ. ఆమెకు ఫిజిక్సూ తెలియదు, స్టీరింగూ తెలియదు.

అల్లుడిది గుంటూరు వైపు. కొత్తపేటలో మా ఇంటి పై పోర్షన్‌లోనే కూతురూ అతనూ ఉంటారు. గుట్టలెక్కే రకం జీపు ఒకటి కొన్నాడు. అది ఇంతవరకూ ఎక్కిన ఎత్తైన చోటు ఎల్బీ నగర్ ఫ్లైఓవర్. అయినా నేను ఒక్క మాట అనలేదు. ఎందుకంటే ఆ జీపు పుణ్యమా అని మా ఆవిడకు మంగళవారాలు తిరిగొచ్చాయి.

మోకాళ్ళు అరిగాక ఆమె బస్సు ఎక్కలేకపోయింది. ఆటోలో కూర్చుంటే రోడ్డు మీది ప్రతి గుంతా నేరుగా మోకాలికే తగిలేది. కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి పోవడం మానేసి, మంగళవారం పొద్దున అటువైపు తిరిగి బాల్కనీలోనుంచే దండం పెట్టుకునేది. జీపు వచ్చాక ముందు సీట్లో ఆమె, స్టీరింగు దగ్గర నేను. వారం మొత్తంలో ఆమె గడప దాటేది ఆ ఒక్క పూటే.

అలాంటి జీపు మీద అల్లుడి కన్ను పడింది.

"మామయ్యగారూ, ముప్పై మూడు అంగుళాల టైర్లు వేయిద్దామనుకుంటున్నానండీ."

"ఇప్పుడున్నయి ఎంత?"

"ఇరవై తొమ్మిదండీ."

"స్టీరింగ్ తిప్పితే మడ్‌గార్డుకు రాసుకుంటయి గద!"

"అందుకేనండీ, బండి కాస్త లేపించాలి."

లేపించాలట. అతను ఎంత తేలిగ్గా అన్నాడో నాకు అంత గట్టిగా తగిలింది. బండి లేస్తే మెట్టు లేస్తుంది, మెట్టు లేస్తే మా ఆవిడ మళ్ళీ బాల్కనీకి పోతుంది. వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్ళకు ఇవన్నీ కనపడవు. నేను నేర్చుకున్నది కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న జీపు రిపేరు పుస్తకంలో. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీకి వారం పట్టినా వదలకుండా చదివాను. అందుకని నేనే రంగంలోకి దిగాను.

ముందు మా ఆవిడ మోకాలిని కొలిచాను. డాబా మీద ఇటుకలు పేర్చి ఎక్కమన్నాను. పద్నాలుగు అంగుళాలు సునాయాసంగా ఎక్కింది. పదహారుకు గోడ పట్టుకుంది. పద్దెనిమిదికి నా భుజం పట్టుకుంది. పంతొమ్మిదికి ఇటుకల మీదే కూలబడింది.

"పిల్లనిచ్చేటోళ్ళు సుత నన్ను గింతగనం పరీక్ష చెయ్యలే," అంది. పెళ్ళిలో పిల్లనిచ్చినవాళ్ళు ఆమె తరఫువాళ్ళే కదా అని నేను అనబోయి, ఆమె చేతిలో ఇటుక చూసి ఆగిపోయాను.

పద్దెనిమిది. కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాను. జీపు ఫుట్‌బోర్డు అప్పటికి నేల నుంచి పద్నాలుగు అంగుళాల ఎత్తులో ఉంది. అంటే నాకున్న జాగా నాలుగు. టైరు నాలుగు అంగుళాలు పెరిగితే బండి లేచేది రెండే, ఎందుకంటే మిగతా రెండూ ఇరుసు పైన పెరుగుతాయి. ఇంకో రెండు అంగుళాలు లేపుకోవచ్చు, అంతే. ఈ లెక్క నేను చెబితే ఫిజిక్స్ మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, "నిజమేనండీ," అన్నాడు. ఆ నిజమే అన్న మాటతోనే నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

ఎల్బీ నగర్ దాటాక ఒక మిస్త్రీ ఉన్నాడు. మలక్‌పేట మనిషి, ఇలాంటి బండ్లు లేపడంలో చెయ్యి తిరిగినవాడు. జీపు చుట్టూ ఒకసారి తిరిగి మాకు మూడు దారులు చెప్పాడు.

"ఒకటి స్పేసర్. ఉన్న స్ప్రింగు మీద గింత మందం బిళ్ళ పెట్టుడే. రెండోది బాడీ లిఫ్ట్. చాసిస్‌కు, బాడీకి నడుమ దిమ్మెలు పెట్టి బాడీ ఒక్కటే లేపుడు. మూడోది అసల్ పని. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు అన్నీ మార్చుడు."

"స్పేసర్ సరిపోతుందండీ," అన్నాడు అల్లుడు. "సింపుల్‌గా అయిపోతుంది."

"బిళ్ళ పెట్టినంత మాత్రాన స్ప్రింగు పొడుగైతదా? కాళ్ళ కింద పీట ఏసుకున్నోడు పొడుగోడైతడా?" అన్నాను నేను.

"అయితే బాడీ లిఫ్ట్ చూద్దామా?"

"చొక్కా పైకి గుంజుకున్నట్టు ఉంటది. నడుమంతా కనపడుతది."

"మామయ్యగారూ, మీ రోజుల్లో..."

"మా రోజులల్ల జీపులు నడిచినయి, అల్లుడూ. ఫొటోలు దిగలే."

మిస్త్రీ పాన్ నములుతూ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరు మామా అల్లుళ్ళు గదా? నాకు అప్పుడే సమజైంది. ఉత్త గిరాకీలైతే గిట్ల కొట్లాడరు."

చివరికి నా మాటే నెగ్గింది. కొత్త స్ప్రింగులు. వాటిలోనూ రెండు రకాలున్నాయన్నాడు మిస్త్రీ: మామూలువి, బరువు మోసేవి.

"బరువు మోసేటివే ఎయ్యి," అన్నాను తడుముకోకుండా.

"మీరు బరువేం మోస్తరు, పెద్దసాబ్?"

మోయకపోవడమేమిటి? నేను నడిపిన జీపు ఏనాడూ ఖాళీగా కదల్లేదు. ముందు ఆఫీసరు, వెనక గుమాస్తాలు, ఫైళ్ళ పెట్టెలు, గుడారం, ఆఫీసరు గారి ఇంటికి బియ్యం, దారిలో ఎక్కిన పోలీసు. ముప్పై ఏళ్ళలో ఖాళీ జీపు అనేదాన్ని నేను చూసింది షెడ్డులోనే. స్ప్రింగు గట్టిగా లేకపోతే ఆ జీపు నల్లగొండ దాటేదా?

పని అయిన రోజు మిస్త్రీ, "మనుషులు కూసుంటేనే స్ప్రింగు అసలు ఎత్తు తెలుస్తది," అన్నాడు. అల్లుడు, అతని తోటి లెక్చరర్లు ముగ్గురు, భారీ మనిషి అయిన మిస్త్రీ, అందరూ ఎక్కి కూర్చున్నారు. నేను టేపు పట్టుకుని నేల మీద బోర్లా పడుకుని కొలిచాను. సరిగ్గా పద్దెనిమిది. వెంట్రుకవాసి తేడా లేదు. చొక్కా నిండా గ్రీజుతో లేచి, "చూసిండ్రా?" అన్నాను. లెక్చరర్లు చప్పట్లు కొట్టారు. అల్లుడు కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా.

మర్నాడు మంగళవారం. టైర్ల కింద పెట్టడానికి నాలుగు నిమ్మకాయలు, కొబ్బరికాయ, పూలు సంచిలో పెట్టుకుని మా ఆవిడ గేటు దగ్గరికొచ్చింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బండి ఏదైనా, ఇంట్లోవాళ్ళం కలిసి బయల్దేరితే ఇంటి పెద్ద ఆడమనిషి ముందెక్కాలి. మా అమ్మ కాలు పెట్టకముందు మా ఎడ్లబండి కదిలేది కాదు. కాబట్టి మేమంతా పక్కన నిలబడ్డాం. మా ఆవిడ హ్యాండిల్ పట్టుకుని కాలెత్తింది.

అందలేదు.

మళ్ళీ ఎత్తింది. అందలేదు. "అబ్బా," అని మోకాలు పట్టుకుంది. నేను టేపు తీశాను. ఇరవై! నా ఒళ్ళు మండిపోయింది. అక్కడికక్కడే మిస్త్రీకి ఫోను కొట్టాను.

"మేం పోయినంక బండిని మళ్ళ లేపినవా?"

"తోబా తోబా! బండి మీ ఇంటికాడ ఉంటే నేనెట్ల లేపుత, పెద్దసాబ్?"

"టైర్లలో గాలి ఎక్కువైందేమోనండీ," అన్నాడు అల్లుడు.

"గాలికి రెండంగుళాలు లేస్తదా? ఏం చెప్తున్నరు మీరు పిల్లలకు?"

మేమిద్దరం ఇలా అరుచుకుంటూ ఉంటే పక్కింటివాళ్ళు బాల్కనీల్లోకి వచ్చారు. మా ఆవిడ గేటు పక్కన గట్టు మీద కూర్చుని నిమ్మకాయల సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"నిన్న కొలిచినప్పుడు లోపట ఎవ్వలున్నరు?" అని అడిగింది.

"అయిదుగురు ఉన్నరు. ఎందుకు?"

"ఇప్పుడు ఎవ్వలున్నరు?"

ఎవరూ లేరు.

"మంచం మీద నలుగురు కూసుంటే నులక కిందికి రాదా? వాళ్ళు లేస్తే మళ్ళ మీదికి పోదా? నేను ముందు ఎక్కేదాన్నాయె. నేను ఎక్కేటప్పుడు ఉత్త బండే ఉంటది గద!"

ఫిజిక్స్ మాస్టారు నేల చూశాడు. నేను టేపు చూశాను. బరువు మోసే స్ప్రింగు అది. బరువుంటే లెక్క ప్రకారం నిలబడుతుంది, లేకపోతే పొగరుగా లేచి కూర్చుంటుంది. ఆ సంగతి నా పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా నాకు గుర్తుంది.

"స్ప్రింగు కదండీ..." అని గొణిగాడు అల్లుడు.

"ఇప్పుడు యాదికొచ్చిందా?" అన్నాను. నాకు ఎప్పుడు యాదికొచ్చిందో అతను అడగలేదు. మర్యాదస్తుడు.

ఆ రోజుకు పద్ధతి పక్కన పెట్టి ఒక ఉపాయం చేశాం. అల్లుడు, వాచ్‌మన్, వీధి చివర ఇస్త్రీ చేసే అతను, పక్కింటి తండ్రీ కొడుకులు వెనకాల ముందుగా ఎక్కి కూర్చున్నారు. జీపు కిందికి దిగింది, మా ఆవిడ ఎక్కింది. గుడి దగ్గర ఆమె దిగి, మళ్ళీ ఎక్కేదాకా వాళ్ళెవరూ కదలకూడదు. పూజారి వచ్చి, "ఏమయ్యా, దండం పెట్టుకోరా?" అని అడిగితే ఇస్త్రీ అతను, "మేం బరువుకొచ్చినం, పంతులుగారూ," అన్నాడు.

తర్వాతి మంగళవారం కూడా అందరినీ పోగుచేయబోతే మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "నా దండం కోసం గల్లీ మొత్తాన్ని ఎత్తుకపోతరా? నేను ఈడ్నుంచే పెట్టుకుంట."

బాల్కనీలోకి వెళ్ళి కర్మన్‌ఘాట్ వైపు తిరిగి చేతులు జోడించింది. కింద జీపు ఖాళీగా, ఎత్తుగా, బలిసిన టైర్లేసుకుని నిలబడి ఉంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళంతా కారం రాసినట్టైంది. మెట్ల మీద అల్లుడు కనిపించాడు. అతనూ ఆమె వైపే చూస్తున్నాడు.

"మామయ్యగారూ, ఎడమవైపు కింద ఇంకో మెట్టు వెల్డింగ్ చేయిద్దామండీ," అన్నాడు.

"గుట్టలెక్కేటప్పుడు రాళ్ళకు తగులుతదని మీరే అంటరు గద?"

"చైతన్యపురిలో రాళ్ళెక్కడున్నాయండీ?"

ఆ మాట నేను అనాల్సింది. అతను అన్నందుకు మెచ్చుకోవాలో, నాది దొంగిలించినందుకు కోప్పడాలో తెలియక బండి తాళం తీసుకున్నాను. కింద ఇంకో మెట్టు పెట్టమనగానే మిస్త్రీ తల కొట్టుకున్నాడు. "లేపుడెందుకు సాబ్, మళ్ళ దించుడెందుకు?" అయినా నేల నుంచి పదంగుళాల ఎత్తులో గట్టి మెట్టు అతికించాడు. ఫుట్‌బోర్డుకు అక్కడి నుంచి ఇంకో పదే. గుట్టలెక్కే జీపుకు ఒకవైపు ఇంటి మెట్లు మొలిచినట్టుంది. దాన్ని చూసి ముగ్గురు లెక్చరర్లు నవ్వారట. నవ్వనీ.

ఆ పై మంగళవారం మా ఆవిడ అందరికంటే ముందు, ఖాళీ బండినే, రెండడుగుల్లో ఎక్కేసింది. నా భుజం కూడా పట్టుకోలేదు. కొత్తపేట దాటాక అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆటోల పైకప్పులు ఆమె మోచేతి కింద నుంచి పోతున్నాయి. బస్సులోని మనుషులు ఆమెకు ఎదురుగా, సమానంగా ఉన్నారు.

"ఇగో, ఇనుండ్రి," అంది నాతో. "మీదికెల్లి మంచిగ కనపడుతుంది. ఇంకా జర లేపొస్తదా?"

నేను గేరు మార్చాను. ఈ మాట అల్లుడి చెవిన పడకుండా చూసుకోవడమే ఇప్పుడు నా ఉద్యోగం.