ఇమాం బీ పక్కన చోటు

రేపల్లె ఖబరస్తాన్‌లో గోతులు తవ్వే కాలేషాకు అరవై నాలుగేళ్లు నిండేసరికి కుడి భుజం చెప్పిన మాట వినడం మానేసింది. పలుగు ఎత్తితే సగం దాకా లేచి, ఇంక నావల్ల కాదు, నీ తంటాలు నువ్వు పడు అనేది. వయసులో రెండు గంటల్లో తేల్చేసిన పని ఇప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రపు అసర్ నమాజు దాకా పడుతోంది. ఊళ్లో ఎవరికీ తెలియకుండా ఎలాగో నెట్టుకొస్తున్నాడు. తెలిసిన మనిషి ఒక్కతే, బాపట్లలో కాపురముంటున్న కూతురు సుమయా. గేటు పక్క గది ఖాళీ చేసి వచ్చేయమని రెండేళ్లుగా పోరుతోంది. వస్తానంటాడు, కదలడు.

కదలకపోవడానికి కారణం లేకపోలేదు. ఖబరస్తాన్ రెండో వరసలో ఇమాం బీ ఉంది. కాలేషా భార్య పోయినప్పుడు, నలభై రోజులపాటు రెండు పూటలా గిన్నె పట్టుకుని గేటు దాకా నడిచొచ్చిన మనిషి ఆమె. అక్క వరస కలిపి ఆపా అని పిలిచేవాడు. ఆ గిన్నెలో ఏముందని సుమయా ముందే పరుగెత్తేది. 2006లో ఇమాం బీ పోయిన రోజున, పెద్ద కొడుకు వాజిద్ ఇంగ్లండులో ఏదో హోటల్లో వంటమాస్టరు. సెలవు దొరకలేదు. తమ్ముడు ఫహీం సెల్‌ఫోను తెచ్చి కాలేషా చెవికి ఆనించాడు. అవతలి నుంచి కాసేపు ఏడుపే వినపడింది. తర్వాత, "చాచా, అమ్మ పక్కన నాకు చోటు ఉంచు" అన్నాడు వాజిద్.

దుఃఖంలో ఉన్నవాళ్లు ఏవేవో అంటారు. విన్నవాళ్లు సరేనంటారు. కాలేషా కూడా సరేనన్నాడు. అందరిలా మర్చిపోయి ఉంటే బాగుపడేవాడే.

ఖబరస్తాన్‌లో చోటు అట్టేపెట్టడం కుదరదు. కమిటీ పద్ధతి ప్రకారం వరసలో ఎవరు ముందొస్తే చోటు వాళ్లదే. అందుకని కాలేషా ఒక పని చేశాడు. గోతులు తవ్వేవాడికి తప్ప ఇంకెవరికీ తట్టని పని. ఇమాం బీ పక్కన ఖాళీ నేల మీద నాలుగు తట్టల మట్టి పోసి, గుండ్రంగా దిద్ది, తలవైపు ఇటుకరాయి పాతాడు. చూసినవాళ్లు ఎవరిదో సమాధి అనుకున్నారు. వానకు కరిగినప్పుడల్లా మళ్లీ మట్టి పోసేవాడు. ఎవరూ లేని దిక్కులేని ప్రాణం పాపం అని, ఒక ముసలమ్మ గురువారం గురువారం దాని మీద కూడా నాలుగు పూలు చల్లి ఫాతిహా చదివేది. అప్పుడు కాలేషా అటు తిరిగి బీడీ ముట్టించుకునేవాడు.

అలా నాలుగేళ్లు నడిచింది. 2010 ఏప్రిల్‌లో, నలభై ఆరేళ్ల వాజిద్ పనిచేసే వంటింట్లోనే గుండె ఆగి పోయాడు. ఫహీం తెనాలిలో పరుపులు కుట్టే కొట్టు నడుపుతాడు. అక్కడి నుంచి ఫోన్ చేశాడు. శుక్రవారం తెల్లవారుజామున శవం హైదరాబాదులో దిగుతుందనీ, జుమ్మా నమాజు అయ్యేసరికి రేపల్లె చేరుస్తామనీ చెప్పాడు.

మయ్యత్, అంటే శవం, ఇంటికి చేరాకే పలుగు పట్టాలని కాలేషాకు తండ్రి నేర్పాడు. తెరిచి పెట్టిన గొయ్యి ఊరికి మంచిది కాదని పెద్దలు అనేవారు. కానీ కొడుకు భుజం ఇట్లా అవుతుందని ఆ తండ్రికేం తెలుసు? శుక్రవారం మధ్యాహ్నం మొదలుపెడితే జనమంతా ఎండలో నిలబడి తన ఆయాసం చూస్తారు. అందుకని గురువారం పొద్దున్నే దొంగ సమాధి పడగొట్టి తవ్వడం మొదలుపెట్టాడు. పైనంతా నెర్రెలిచ్చిన నల్లమట్టి. నడుము లోతుకు పోయేసరికి ఒండ్రు, ఊట నీరు. సాయంత్రానికి గొయ్యి దిగింది. ఇదే ఆఖరుది, రేపటితో ఋణం తీరుతుంది, ఎల్లుండి బాపట్ల బస్సు ఎక్కుతా అనుకున్నాడు. చాలా కాలానికి అతని మనసు కాస్త తేలికపడింది.

చీకటి పడకముందే ఫహీం మళ్లీ ఫోన్ చేశాడు. విమానం లేవలేదన్నాడు. ఎక్కడో మంచు దేశంలో కొండ పేలిందట, ఆకాశమంతా బూడిదట, ఇంగ్లండులో ఒక్క విమానం కూడా ఎగరడం లేదట. కాలేషా తల ఎత్తి చూశాడు. రేపల్లె ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది.

మర్నాడు రోడ్డుకు అవతల ఉండే పూర్ణచంద్రరావు దగ్గరికి వెళ్లాడు. ఆయన సైన్సు మాస్టారుగా రిటైరైన మనిషి. పేపరు ముందేసుకుని ఉన్నాడు. ఇంత పెద్ద విమానాన్ని పిడికెడు బూడిద ఏం చేస్తుందండి అని అడిగాడు కాలేషా.

"మన పొయ్యిలో బూడిద కాదయ్యా అది. రాయి నలిగిన పొడి, గాజు పొడి లాంటిది. ఇంజను పీల్చుకుంటే లోపలి వేడికి కరుగుతుంది. కరిగి లోపల తిరిగే రెక్కలకి అంటుకుని మళ్లీ గట్టిపడుతుంది. ఇంక ఇంజనుకి ఊపిరాడదు" అన్నాడు మాస్టారు. దూరం నుంచి మామూలు మబ్బులాగే ఉంటుందనీ, రాత్రయితే అసలు కనపడదనీ, గాలి ఎటు తిప్పితే అటు పోతుందనీ కూడా చెప్పాడు.

"ఎన్నాళ్లండి?"

"కొండ చల్లారాలి, గాలి మళ్లాలి. ఎవరు చెప్పగలరు?"

కాలేషా లేచి వచ్చేశాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. కమిటీ అయితే తిట్టుకోవచ్చు, పేరు కూడా నోరు తిరగని కొండని ఏమని తిట్టుకుంటాడు?

శనివారం కమిటీ సెక్రటరీ వచ్చి గొయ్యి చూశాడు. గొయ్యికంటే ముందు ఆయనకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఇక్కడ ఒక సమాధి ఉండాలి కదా, అదేమైందని అడిగాడు. అబద్ధమాడే ఓపిక కూడా కాలేషాకు మిగల్లేదు. ఉన్నదంతా చెప్పేశాడు. సెక్రటరీ మొహం కందగడ్డ అయింది. నాలుగేళ్లుగా ఉత్త మట్టికి సలాం చెబుతున్నానా నేను అన్నాడు. ఊళ్లోవాళ్లు అప్పుడే గొణుక్కుంటున్నారనీ, తెరిచిన గొయ్యి ఎవరినో ఒకరిని అడుగుతుందని ఆడవాళ్లు పిల్లల్ని ఈ దారిన పంపడం లేదనీ చెప్పి, చివరికి తీర్పు ఇచ్చాడు. వాజిద్ ముందొస్తే వాజిద్‌కి. ఈలోపు ఇంకెవరు పోయినా ఈ గొయ్యి వాళ్లకి.

ఆ రోజు నుంచి కాలేషా ఒక వింత దువా మొదలుపెట్టాడు. రేపల్లెలో ఎవరూ చావకూడదని. గోతులు తవ్వుకు బతికేవాడు చేయాల్సిన దువా కాదది. పొద్దున్నే లేచి బకెట్టుతో ఊట నీరు తోడేవాడు. పక్కలు జారితే దిగి సర్దేవాడు. మధ్యాహ్నం మళ్లీ నీరు వచ్చేది, మళ్లీ తోడేవాడు. జ్వరంతో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి ఎలా ఉందని అడగబోతే, అతన్ని గుమ్మంలో చూసి వాళ్లే తలుపేసుకున్నారు. సాయంత్రం ఫహీం ఫోన్. రోజూ ఒకటే మాట, ఇంకా ఎగరలేదు చాచా. అలసట ఎముకల దాకా దిగిపోయింది. అన్నం ముందు కూర్చుని నిద్రపోయేవాడు.

బుధవారం పొద్దున పూర్ణచంద్రరావు గేటు దగ్గరికి వచ్చి, విమానాలు తిరగడం మొదలైందని చెప్పి వెళ్లాడు. ఆ మాట విన్న సంతోషం అరగంట కూడా నిలవలేదు. స్టేషన్ దగ్గర గొడుగులు బాగుచేసే సాయిబు పోయాడని మసీదు నుంచి కబురొచ్చింది. రేపల్లెతో రైలు పట్టాలు అయిపోతాయి. ఎక్కడ దిగాలో తెలియనివాళ్లు చాలామంది అక్కడే దిగుతారు, అతనూ ఎప్పుడో అలాగే దిగాడు. ఊరేదో, అసలు పేరేదో ఎవరికీ తెలియదు. గొయ్యి తయారుగా ఉంది కదా, మధ్యాహ్నం జొహర్ నమాజు కాగానే తెస్తామని సెక్రటరీ చెప్పి పంపాడు.

కాలేషా పలుగు తీసుకుని నాలుగో వరసకు పోయాడు. గొడుగుల సాయిబుకి వేరే గొయ్యి తవ్వి పెడితే ఇమాం బీ పక్కన చోటు దక్కుతుంది. చేతిలో ఉన్నది నాలుగు గంటలు. మొదటి గంట బాగానే సాగింది. రెండో గంటలో భుజం లేవనంది. ఎడం చేత్తో పొడిచాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, పార పిడి పొట్టకు ఆనించి నెట్టాడు. మోకాలి లోతు కూడా దిగలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కళ్లలోకి చెమటో ఏడుపో కారుతోంది, తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవడం లేదు.

తెనాలి ప్యాసింజరు దిగి వచ్చిన ఫహీం అతన్ని ఆ స్థితిలో చూశాడు. పరుగున వచ్చి పార పట్టుకున్నాడు.

"ఇంక ఆపు చాచా. అన్న రాడు."

కాలేషాకు అర్థం కాలేదు. విమానాలు ఎగురుతున్నాయంట కదా అన్నాడు. ఫహీం గట్టున కూలబడి మెల్లగా చెప్పాడు. ఆరు రోజులుగా ఇరుక్కుపోయిన జనం వేలకు వేలు ఉన్నారట. ముందు బతికున్నవాళ్లని పంపి, శవాల పెట్టెల సంగతి తర్వాత చూస్తామన్నారట. ఇంకో రెండు వారాలు పట్టొచ్చట. పోయిన మనిషిని అన్నాళ్లు ఐసులో ఉంచడం పాపం, పోయిన ఊళ్లోనే మట్టి ఇవ్వడం మేలని అక్కడి ఇమాం చెబితే, ఫహీం కాదనలేకపోయాడు. నిన్న మధ్యాహ్నం అక్కడే అయిపోయింది.

కాలేషా ఆరా తీశాడు. నేల ఎలాంటిదో, నీరు ఊరుతుందో లేదో, ఎవరు తవ్వారో అడిగాడు. మిషన్‌తో తవ్వారంట అన్నాడు ఫహీం. కాలేషా ఇంకోటి అడగడానికి జంకాడు. అయినా అడిగాడు.

"ఎవరి పక్కనంట?"

"తెలీదు చాచా. ఎవరో."

కాలేషా లేవబోయి లేవలేకపోయాడు. ఫహీం చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకునే, "నా భుజం పోయి రెండేళ్లయింది బాబూ. ఇంక తవ్వలేను. మీ అన్న కోసమే ఉన్నా" అన్నాడు. ఇన్నాళ్లు దాచిన మాట అంత తేలిగ్గా బయటికి వచ్చింది. దాచడానికి ఇంక కారణమే లేదు.

జొహర్ అయ్యాక గొడుగుల సాయిబుని తెచ్చారు. జనాజా వెనక పట్టుమని పదిమంది లేరు. రెండో వరస గోతిలో ఆఖరుసారి నీళ్లు తోడింది ఫహీమే. ప్యాంటు మడిచి కాలేషాతోపాటు లోపలికి దిగాడు. ఇద్దరూ కలిసి శవాన్ని అందుకుని, నేల మీద పడుకోబెట్టి, మొహం పడమటికి, కిబ్లా వైపు తిప్పారు. బరువే లేదు మనిషి.

ఫహీం పైకెక్కి, శవం మీద అడ్డంగా పరిచే చెక్కలు అందుకోబోయాడు. కాలేషా ఇంకా గోతిలోనే ఉన్నాడు. ఇమాం బీ వైపు మట్టిగోడ మీద అరచెయ్యి పెట్టి, పైనున్నవాళ్లకు వినపడుతుందని కూడా చూసుకోకుండా మాట్లాడాడు.

"ఆపా, మన వాజిద్ అక్కడ ఎవరి పక్కనో పడుకున్నాడు. వాళ్లు వాణ్ణి పొమ్మనరు. నువ్వు కూడా ఇతన్ని పొమ్మనకు."