మాస్టారి బొటనవేలు

మా ఆయన్ని వీధిలో అందరూ మాస్టారు అంటారు. పాఠాలు చెప్పే మాస్టారు కాదు, గుడ్డ కోసే మాస్టారు. కోట్లు, ప్యాంట్లు కుట్టే దుకాణం మాది. ముందుగదిలో ఎత్తయిన బల్ల, దాని వెనకాల మెడలో టేపు వేసుకుని ఆయన. కిటికీ పక్కన మిషను మీద మా అమ్మాయి. గుమ్మం దగ్గర వెలుతురులో పీట మీద నేను, కాజాలు కుడుతూ, గుండీలు వేస్తూ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ముగ్గురం ఆ ఒక్క గదిలోనే కాబట్టి ఆయన సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. చెబుతాను గానీ, మెచ్చుకుంటూ చెబుతానని మాత్రం అనుకోకండి.

పని వచ్చిన మనిషే. కాదంటే కళ్ళు పోతాయి. మనిషి మెట్లెక్కి వస్తుంటేనే ఏ భుజం దిగి ఉందో, ఏ కాలు పొట్టిదో పట్టేస్తారు. ఆయన కోసిన కోటు వేసుకుంటే గూనివాడు కూడా నిటారుగా కనిపిస్తాడు. ఆ కత్తెర జోలికి మాత్రం ఎవరూ వెళ్ళకూడదు. ఒకరి కత్తెరలో ఇంకొకరు వేలు పెట్టకూడదన్నది ఈ పనివాళ్ళ పట్టింపు. కాపురానికి వచ్చిన కొత్తలో తెలియక దానితో కాగితం కోశాను. ఆయన అరిచిన అరుపులకి ఇంట్లో ఎవరో పోయారనుకుని పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "గీతలు గీయడం ఎవడికైనా వస్తుందే. కొయ్యడంలోనే ఉంది పనంతా" అని నాకు లెక్కలేనన్నిసార్లు చెప్పారు.

అలాంటి మనిషికి బొటనవేలు తిరగబడింది.

మొదట సీసా మూత రాలేదు. "తుప్పు పట్టింది" అన్నారు. ప్లాస్టిక్ మూతకి తుప్పేమిటో! తర్వాత తాళం తిప్పలేక తాళాన్ని తిట్టారు. తర్వాత ఒక పొద్దున నా ముందుకొచ్చి నిలబడి, గోడకేసి చూస్తూ "ఇదిగో, ఈ గుండీ కాస్త" అన్నారు. వీధిలో వాళ్ళందరికీ కోట్లు తొడిగే మనిషి తన చొక్కా గుండీ తను పెట్టుకోలేకపోయారు. అప్పుడు చూశాను ఆ చెయ్యి. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, ఎముక బుడిపెలా పొడుచుకొచ్చింది. వేలు ముట్టుకుంటే చాలు, పళ్ళు బిగబట్టుకున్నారు.

ఇక మొదలయ్యారండీ సలహాదారులు! నొప్పి ఒకరిది, వైద్యం ఊరందరిదీ. ఇస్త్రీ చేసే ఆయన వెల్లుల్లి నూరి కట్టమన్నాడు. కడితే చర్మం బొబ్బలెక్కి ఊడొచ్చింది. అబ్బే, ఎక్కువసేపు ఉంచేశారు అన్నాడు. మా ఆడపడుచు రాగి ఉంగరం పంపింది. వేలు వాచి అది ఇరుక్కుపోతే సబ్బునీళ్ళు పోసి లాగేసరికి నా ప్రాణం మీదకొచ్చింది. అన్నిటికంటే రోత ఆ నూనె. ఎవరు కాచారో, ఏం వేసి కాచారో, చచ్చిన ఎలక కంపు. అది రాసుకుని గుడ్డ కట్టుకుని పడుకుంటే దిండు, దుప్పటి, చివరికి నా జుట్టు కూడా అదే కంపు. నొప్పి తగ్గిందా అంటే, "ఏదో లాగుతున్నట్టుంది" అనేవారు. లాగక ఏం చేస్తుంది, నా కడుపులో పేగులు కూడా లాగేది.

మందు రాసుకున్న చేత్తో గుడ్డ పట్టుకుంటే ఏమవుతుందో ఆయనకి తెలియదా? తెలుసు. అయినా పట్టుకున్నారు. మా వీధి చివర ఆసుపత్రి డాక్టరమ్మ తెల్లకోటు మీద అయిదు వేళ్ళ జిడ్డు పడింది. ఆవిడ కోటు వాసన చూసి మొహం అదోలా పెట్టి, "ఏం రాస్తున్నారండీ చేతికి?" అంది. అదొక్కటే ఆ నూనె చేసిన మేలు. మర్నాడే ఆయన్ని పిలిపించి ఎక్స్-రే తీయించింది.

అమ్మాయీ నేనూ కూడా వెళ్ళాం. "కీలు అరిగిపోయింది మాస్టారూ. ఎముకకీ ఎముకకీ మధ్య ఉండే మెత్తటిది పోయింది, అది మళ్ళీ రాదు. నొప్పిని మాత్రం అదుపులో పెట్టుకోవచ్చు" అంది డాక్టరమ్మ. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో చేతులుంచి వేళ్ళు మెల్లగా తెరిచి మూయమంది. పని చేసేటప్పుడు బొటనవేలు కదలకుండా పట్టీ వేసుకోమంది. తడిగుడ్డలు పిండొద్దు, సంచి వేళ్ళతో మొయ్యకుండా మోచేతికి తగిలించుకోండి, సన్నటి పెన్నుకి గుడ్డ చుట్టి లావు చేసుకోండి అంది. అన్నిటికీ తలూపారు. "గంటలకొద్దీ కత్తెర మాత్రం పట్టుకోకూడదు. కొయ్యడానికి ఇంకెవరైనా ఉన్నారా?" అంది.

"ఎవరూ లేరండీ" అన్నారు.

మా అమ్మాయి పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ బల్ల కింద పెరిగింది, గుడ్డ ముక్కలు కోసుకుంటూ. నాకు తల కొట్టేసినట్టయింది. అది మాత్రం తన చెప్పులకేసి చూసుకుంది.

ఇంటికొచ్చాక చెడామడా దులిపేశాను. "దాని చేతులకేం పుట్టింది? ఎందుకు పనికిరాదు?"

"ఆడపిల్ల కోసిందంటే కోటు గుడ్డ ఎవడిస్తాడే?" అన్నారు.

"మీరు చెప్తే ఇస్తారు. నా కూతురు నాకంటే బాగా కోస్తుంది అని మీ నోటితో ఒక్క మాట అనండి, చూద్దాం."

అనలేదు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే. ఆయన వేలు ఇక బాగుపడేది కాదు. ఆయన తర్వాత ఆ బల్ల దగ్గర నిలబడాల్సింది అమ్మాయి. దాని చేతికి గుడ్డ ఇవ్వొచ్చని ఆయనే చెప్పకపోతే ఈ వీధిలో ఎవరూ ఇవ్వరు, దుకాణం మూసుకోవాల్సిందే. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఆయన ఏం చేశారో వినండి. పొద్దున షట్టరు సగమే ఎత్తి, లోపల అమ్మాయి చేత కోయించడం మొదలుపెట్టారు. రాత్రి ఆయన సుద్దతో గీతలు గీసి పెడతారు, పొద్దున అది తన కత్తెరతో కోసేస్తుంది. ఆయన బయట కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ కాపలా. జనం వచ్చే వేళకి అది మిషను మీద, ఆయన బల్ల వెనక. "ఆహా మాస్టారూ, మీ చెయ్యి పడితే ఆ అందమే వేరు" అని వాళ్ళు మెచ్చుకుంటుంటే, పట్టీ కనపడకుండా చెయ్యి వెనక్కి పెట్టుకుని సిగ్గుపడుతూ నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఆ నూనె వాసన తగిలినట్టుండేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "దాని పనికి మీరు మెప్పు తినేస్తుంటే ఎలా అరుగుతోందండీ?" అని.

"గీత గీసింది నేను కదే. గీత మీద కొయ్యడంలో ఏముంది, ఎవరైనా కోస్తారు" అన్నారు. ఛీ! నాలుకకి నరం ఉండదంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

అయితే ఒకటి. ఏడాది తిరిగేసరికి చెయ్యి కొంచెం కుదుటపడింది. కోత తప్పింది కదా. వేడినీళ్ళ గిన్నె నేనే పెట్టేదాన్ని, పట్టీ అమ్మాయి బిగించేది. గుండీలు మళ్ళీ తనే పెట్టుకోసాగారు. అదే కొంప ముంచింది.

ఒక మధ్యాహ్నం లాయరు గారు వచ్చారు. మా పాత ఖాతాదారు, నోరు కొంచెం పెద్దది. బూడిదరంగు మీద సన్నటి చారలున్న కోటు గుడ్డ తెచ్చారు. తానులో ఆఖరి ముక్కట, ఇంకెక్కడా దొరకదట. "మీరు కోస్తుంటే చూసి ఎన్నాళ్ళయింది మాస్టారూ! ఒకసారి చూపించండి" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అమ్మాయి గుండీలూ అస్తరు గుడ్డా తేవడానికి బజారుకెళ్ళింది. రేపు రండి అంటే పోయేది. నేను సైగ చేశాను, దగ్గాను, చివరికి సూది కింద పడేశాను. ఊహూఁ. ఆయన పట్టీ విప్పి సొరుగులో పడేసి కత్తెర తీశారు.

రెండు కత్తిరింపులు బాగానే పడ్డాయి. మూడోదానికి మొహంలో నెత్తురు లేదు. లాయరు గారికి ఫోనొచ్చి అటు తిరిగారు. మా ఆయన ఇటు తిరిగి, కత్తెర ఎడమచేతిలోకి మార్చుకున్నారు. ఆ కత్తెర కుడిచేతికని చేసింది. ఎడమచేత్తో పడితే రెక్కలు రెండూ ఎడంగా జరుగుతాయి, గుడ్డ తెగకుండా మధ్యలో మడత పడుతుంది, గీత పై రెక్క చాటుకి పోయి కనపడదు. ఈ పనిలో మొదటిరోజు చెప్పే మాట అది. మా అమ్మాయికి చెప్పింది కూడా ఆయనే. అయినా కోశారు. లాయరు గారు ఫోను పెట్టేసేలోగా గుడ్డ మడిచి, "మిగతాది రేపండీ" అన్నారు. లాయరు గారు సంతోషంగా వెళ్ళిపోయారు.

విప్పి చూశాను. చంక దగ్గర గీత లోపలికి వేలెడు మందం తినేసింది. చారల గుడ్డ కదా, అతుకు వేస్తే గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. అమ్మాయి వచ్చి, ముక్క వెలుతురుకి పట్టి చూసి, "ఇది ఇంక కోటు కాదు నాన్నా. చెప్పేద్దాం" అంది. ఆయన కుక్కిన పేనులా కూర్చున్నారు.

లాయరు గారు మళ్ళీ వచ్చిన రోజున అమ్మాయీ నేనూ అక్కడే ఉన్నాం. మా ఆయన ముక్కలు బల్ల మీద పరిచి, గొంతు సవరించుకుని, "నేను కోసినంతవరకు బానే ఉందండీ. తర్వాత మా అమ్మాయి ఉత్సాహపడి చెయ్యి పెట్టింది" అన్నారు.

నా చేతిలో సూది ఆగిపోయింది. ముప్పై ఏళ్ళకు పైగా ఆ మనిషి పక్కన బతికాను. మొండితనం చూశాను, గొప్పలు చూశాను, కంపు నూనె కూడా భరించాను. అంత అసహ్యం మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు. లాయరు గారు అమ్మాయిని ఎగాదిగా చూసి, "తెలియని పని ఎందుకు పెట్టుకోవడమమ్మా?" అన్నారు. అది తల ఎత్తలేదు. మిషను తొక్కుతూనే ఉంది, గుడ్డ లేకుండా.

మర్నాటి నుంచి అది కత్తెర ముట్టుకోలేదు. పొద్దున్నే వచ్చి మిషను మీద కూర్చునేది. "అమ్మా, అవి కొయ్యాలి" అని ఆయనంటే, "నేను పాడుచేస్తాను కదా నాన్నా" అనేది, ఎంతో నెమ్మదిగా. లాయరు గారి నోటి పుణ్యమా అని వచ్చినవాళ్ళందరూ "మీరే కోస్తారు కదా మాస్టారూ? అమ్మాయి కాదు కదా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆయన ఒక్కొక్కరికీ తలూపారు. బల్ల మీద గుడ్డల కుప్ప పెరిగింది. ఆయన తనే కొయ్యబోయి, పంటి కింద పెదవి నొక్కిపెట్టి రెండు జేబులు కోసి, మధ్యాహ్నానికి అన్నం ముద్ద పట్టుకోలేక చెంచాతో తిన్నారు.

"నువ్వైనా చెప్పవే దానికి" అన్నారు నాతో.

"నేనేం చెప్పను? అన్నది మీరు. మీరే వెనక్కి తీసుకోండి" అన్నాను. వేడినీళ్ళు మాత్రం పెట్టాను. మనిషి మీద రోత ఉంటే ఉంది గానీ, ఆ వేలు ఏం పాపం చేసింది?

తర్వాత లాయరు గారు ఇంకో గుడ్డతో వచ్చారు. దుకాణంలో ఇంకో ఇద్దరున్నారు. "ఈసారి నా కళ్ళ ముందే మొత్తం కొయ్యాలి. మీ అమ్మాయి చెయ్యి పడకూడదు" అని కూర్చున్నారు. మా ఆయన నా వైపు చూశారు. నేను కాజా కుట్టుకుంటున్నాను. అమ్మాయి వైపు చూశారు. అది దారం ఎక్కించుకుంటోంది. పరిగెత్తుకెళ్ళి ఏదో ఒక అబద్ధం చెప్పి కాపాడాలని నా కాళ్ళు లాగాయి, నిజమే చెప్తున్నాను. పీట గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

ఆయన కత్తెర తీసుకున్నారు. వేలు పెట్టారు. తెరిచారు. మూయలేకపోయారు. మొహం వంకర్లు పోయింది, కత్తెర జారి దభీమని నేల మీద పడింది.

"నావల్ల కాదండీ" అన్నారు, లోగొంతుకలో.

"ఏమన్నారు?" అన్నారు లాయరు గారు.

"నావల్ల కాదన్నాను! వేలు పోయింది. ఏడాదిగా ఇక్కడ కోస్తున్నది మా అమ్మాయి. మీరు వేసుకున్న ఆ కోటు కూడా అదే కోసింది. మీ చారల గుడ్డ పాడుచేసింది నేను. దాని మీదకి తోసేశాను." అరిచినట్టే చెప్పారు. చెప్పి, కూర్చోడానికి కుర్చీ కోసం తడుముకున్నారు.

నాకు ఏడుపొచ్చింది. అందులో సగం కోపమే. ఇంత మాట చెప్పడానికి ఎముక ఇంత అరగాలా?

అమ్మాయి లేచి, తన కత్తెర తీసుకుని బల్ల దగ్గరికి వచ్చింది. గుడ్డ పరిచి, ముడతలు అరచేత్తో సరిచేసింది. "లోపలి జేబులు ఒకటా, రెండా సార్?" అంది.

లాయరు గారు ఆయన వైపు చూశారు.

"నన్ను చూస్తారేంటండీ? కోసేది అమ్మాయి. అమ్మాయికి చెప్పండి" అన్నారాయన.

లాయరు గారు తను వేసుకున్న కోటు చేయి ఒకసారి చూసుకుని, అమ్మాయి వైపు తిరిగారు. "రెండమ్మా" అన్నారు.