వాడి సోలో కింద నా కుట్ర

విజయనగరంలో ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మా రాక్ బ్యాండులో లీడ్ గిటారు నాది. ఒక సోలో, అంటే పాట మధ్యలో గిటారు ఒక్కటే ముందుకొచ్చి వాయించే ముక్క, నేర్చుకోవాలంటే యూట్యూబులో వీడియోని సగం వేగంలో పెట్టుకుని, ఒక్కో స్వరం రాసుకుని, వేళ్లు కాయలు కాసేదాకా నెలరోజులు కొట్టేవాణ్ణి. ఒక్క స్వరం అటూ ఇటూ పోయేది కాదు. అదే నా గొప్ప.

మూడో ఏడు బొబ్బిలి వైపు నుంచి ఒకడొచ్చి బ్యాండులో చేరాడు. వాళ్ల ఊరి బాప్టిస్టు చర్చిలో చిన్నప్పట్నుంచీ గిటారు పట్టాడట. అక్కడ ప్రార్థన మధ్యలో ఏ ముసలమ్మో లేచి తనకి తోచిన శ్రుతిలో పాట ఎత్తుకుంటుందట, రెండో లైనుకి ఇంకో శ్రుతిలోకి జారిపోతుందట. ఆవిడని ఆపకూడదు, వెతుక్కుంటూ వెనకాలే వెళ్లాలి. వాడి సంగీతం చదువంతా అదే. ప్రాక్టీసులో మా గాయకుడు చరణం మరిచిపోతే నేను చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. వాడు ఏదో అల్లుకుంటూ పోయి అతన్ని మళ్లీ దారిలో పెట్టేవాడు. అందరూ వాణ్ణి మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండేది.

కాలేజీ పోటీకి సోలో వాడికిచ్చారు. నన్ను వెనకాల తోడుగా కార్డ్స్, అంటే రెండు మూడు స్వరాలు కలిపి ఒకేసారి మోగించేవి, కొట్టమన్నారు. పైకి సరే అన్నాను గానీ ఆ వారం అన్నం సయించలేదు. వాడు స్టేజీ మీద ఒక్కసారి తడబడితే చాలు, సోలో మళ్లీ నా చేతికొస్తుంది.

పోటీలో వాడు మంచి ఊపు మీదుండగా, అనుకున్న కార్డ్ వదిలేసి కావాలనే వేరేది గట్టిగా కొట్టాను. బేస్ వాయించేవాడు బిత్తరపోయి ఆగాడు. బొబ్బిలివాడు మాత్రం నా చేతివంక ఒక్కసారి చూసి, మోగుతున్న స్వరాన్నే కాస్త పైకి లాగి నా కార్డ్‌లో కలిపేశాడు. అక్కణ్ణించి పాట మాలో ఎవరమూ ఎరగని దారిన పోయింది. హాలంతా ఈలలు. నాకు గిటారు కింద పడేసి వెళ్లిపోవాలనిపించింది.

స్టేజీ దిగాక వాడు వచ్చి నా భుజాలు పట్టుకున్నాడు.

"ఒరే, ఆ మార్పు నీ అంతట నువ్వే ఏసీసినావా? ఇన్నాళ్లూ ఏటీ తెలవనట్టు కూకున్నావేటిరా?"

వెక్కిరింపేమోనని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే మురిసిపోతున్నాడు. ఇకమీద సోలో ఇద్దరం కలిసే వాయిస్తామని మిగతావాళ్లతో అప్పుడే చెప్పేశాడు.

వాడి వేళ్లను చూసి కుళ్లుకోవడం నాకు అలవాటే. ఆ రోజు మాత్రం వాడికి కుళ్లు లేనందుకు కుళ్లుకున్నాను.