అప్పలరాజు చేత నేను ఆడించిన అబద్ధం

ఈ పత్రిక చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, మన రక్షకుని నామంలో మీకు వందనాలు. నా పేరు ప్రేమదాసు. కార్పొరేషన్‌లో చెత్త లారీ నడిపి రిటైరయ్యాను, ఏక్‌బాల్‌పూర్‌లో ఉంటాను. నా తాగుడు సంగతి మీలో చాలామందికి తెలుసు, ఎందుకంటే పద్నాలుగేళ్లుగా మైకు దొరికిన ప్రతిచోటా అదే చెప్పాను: బాంగ్లా నాటుసారా సీసా పడనిదే స్టీరింగు పట్టుకోలేని చేతులు, నన్ను చూస్తే మంచం కిందికి దూరే నా కూతురు, డ్యూటీ మధ్యలో లారీ ఆపి ఏడుస్తూ చేసిన ప్రార్థన, ఆ రోజుతో ఆగిపోయిన తాగుడు. అదంతా నిజమే, దేవునికే మహిమ! కానీ ఇవాళ నేను రాయబోయే చీకటి దాని తర్వాతిది, ఒక్క చుక్క ముట్టకుండా, తెల్ల చొక్కా వేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని నేను చేసిన పాపం.

తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం మన సంఘం వారం వారం కూడికలు పెట్టింది, ఏక్‌బాల్‌పూర్‌లో ఒకటి, నది అవతల హౌరా వైపు టికియాపారాలో ఒకటి. వాటిని నడిపించేది జీతం లేని మనుషులు, ఒకప్పుడు తాగి మానినవాళ్లే. వాళ్లకు నేర్పడం, వాళ్లను చూసుకోవడం నాకు అప్పగించారు. నేర్పడం బాగానే నేర్పాను. కుర్చీలు గుండ్రంగా వేయాలి, ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు, లోపల విన్నది బయట చాయ్ కొట్టు దగ్గర చెప్పకూడదు, అన్నీ నేర్పాను. చూసుకోవడం మాత్రం చేయలేదు. మానేశారు కదా, ఇక వాళ్లకేం కావాలి అనుకున్నాను. నెలకోసారి పిలిచి ఎంతమంది వస్తున్నారని అడిగేవాణ్ణి గానీ, నువ్వెలా ఉన్నావని ఒక్కణ్ణి కూడా అడిగిన పాపాన పోలేదు.

వాళ్లలో టికియాపారా కూడిక నడిపించేవాడు అప్పలరాజు. కార్పొరేషన్‌లోనే డ్రైనేజీ పని. తాతలది శ్రీకాకుళం వైపు, తను పుట్టింది ఇక్కడే, తెలుగు చదవడం రాదు, కానీ నోరు విప్పితే బెంగాలీవాళ్లు కూడా రాజు దా, అంటే రాజన్న, మాట్లాడుతున్నాడని కిటికీ దగ్గర నిలబడేవాళ్లు. మా కూడికలో ఒక అలవాటుంది. ముగించే ముందు ఒక్కొక్కరూ లేచి, మానేసి ఎన్నాళ్లయిందో చెప్తారు, అందరూ దేవునికే మహిమ అంటారు, నడిపించేవాడు ఆఖరున చెప్తాడు. నిన్నో మొన్నో మానినవాళ్లు అప్పలరాజు నెలలు విని, మనకూ ఆ రోజు వస్తుందని ధైర్యం తెచ్చుకునేవాళ్లు.

టికియాపారా కూడికకు వార్షికోత్సవం వచ్చింది. వేరే సంఘాల పాస్టర్లను పిలిచాను, న్యూ టౌన్ నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు వీడియో తీస్తామన్నారు, నాకు కాళ్లు నేలమీద నిలవడం లేదు. కూడిక బుధవారం. సోమవారం మధ్యాహ్నం నేను భోజనానికి కూర్చోబోతుంటే అప్పలరాజు డ్యూటీ బట్టలతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నియ్యా, మొన్న పెళ్లికెల్లి తాగీసినాను. బుదవారం నేచి సెప్పీత్తాను. మల్లీ ఒకటో రోజు నుంచి లెక్కెట్టుకుంతాను," అన్నాడు.

సహోదరులారా, ఆ మాట చెప్పడానికి అతను హౌరా నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు! ఏడవలేదు, సాకు చెప్పలేదు, చేయవలసింది ఏమిటో అతనికే తెలుసు. నేను చేయవలసిందల్లా పక్కన కూర్చోవడం. నాకేమో వీడియో కనిపించింది, పాస్టర్లు కనిపించారు.

"బుధవారం వద్దు తమ్ముడూ. నువ్వు పడ్డావంటే నిన్ను చూసి నిలబడ్డవాళ్లంతా పడతారు. ఇరవై రెండు నెలలనే చెప్పు, తర్వాత చూసుకుందాం," అన్నాను.

అని ఊరుకున్నానా! అతని నెత్తిన చేయి పెట్టి, "ప్రభువా, నీ బిడ్డ పొరపాటును కప్పుము తండ్రీ, నీ నామం అవమానపడకుండా కాపాడుము తండ్రీ" అని గొంతెత్తి ప్రార్థించాను. కప్పమన్నది నా పరువును. అది దేవునికి తెలుసు, ఆ వేళ తల వంచుకుని నిలబడ్డ అప్పలరాజుకూ తెలిసే ఉంటుంది.

బుధవారం అతను లేచి ఇరవై రెండు నెలలన్నాడు. గదంతా దేవునికే మహిమ అంది, అందరికంటే గట్టిగా అన్నది నేను. తర్వాత చూసుకుందాం అన్న ఆ తర్వాత మాత్రం రాలేదు. అతను అడగలేదు, నేను గుర్తుచేయలేదు, వారం వారం లెక్క పెరుగుతూ పోయింది, మనిషి తగ్గుతూ పోయాడు. కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు వాచాయి. డ్రైనేజీ పని కదా, ఒంటికి పడలేదేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వర్షాకాలంలో ఒకరోజు డ్యూటీలోనే పడిపోతే ఆసుపత్రిలో చేర్చారు. నేను వెళ్లేసరికి అతని భార్య పైడితల్లి వార్డు బయట నేలమీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"మీ తమ్ముడు రోజూ తాగీవోడన్నియ్యా. మీటింగునుంచొచ్చిన రోజైతే మరీని. ఏటిదని అడిగితే, నిజం సెప్పడానికి ఉన్నది ఆ ఒక్క గదే, అదీ పోయింది అనీవోడు."

ఆ గది తలుపు మూసింది నేను. వార్డు మెట్ల మీద కూలబడ్డాను, పద్నాలుగేళ్లుగా నోటికొచ్చిన ప్రార్థనల్లో ఒక్కటీ రాలేదు. "నేనే చెప్పించాను ప్రభువా, నేనే" అన్నది తప్ప ఇంకో మాట లేదు. సాక్ష్యాలు చెప్పీ చెప్పీ నేను తాగుడు స్థానంలో చప్పట్లు పెట్టుకున్నానని ఆ మెట్ల మీద నాకు అర్థమైంది. దానినుంచి నన్ను విడిపించమని అడిగాను.

ఆ వారమే బుధవారం కూడికలో, టికియాపారా గదిలో లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత రెండు కుటుంబాలు రావడం మానేశాయి, వాళ్లను తప్పుపట్టలేను. కానీ ఆ రోజు కూడిక అయ్యాక, అక్కడికి వచ్చిన ఏక్‌బాల్‌పూర్‌లో నడిపించే ఇద్దరు నన్ను పక్కకు పిలిచి, తామూ జారామని, నాకు చెప్పడానికి భయపడ్డామని అన్నారు. ఇన్నాళ్లూ నేను చూసుకుంటున్నాననుకున్నవాళ్లు!

ఇప్పుడు ప్రతి శనివారం నడిపించేవాళ్లం మాత్రమే కూర్చుంటాం. అక్కడ ఎవరూ నాయకులు కారు. వారం ఎలా గడిచిందో ముందు నేను చెప్తాను, ఆపైన నోరు మూసుకుని వింటాను. జారినవాళ్లు కొన్నాళ్లు నడిపించరు, కుర్చీలో కూర్చుని మాట్లాడతారు, వాళ్ల బదులు ఇంకొకరు నడిపిస్తారు. సిగ్గుపడవలసిందేమీ లేదు. వినడం నాకింకా పూర్తిగా రాలేదు, మధ్యలో ప్రసంగం మొదలుపెడితే వాళ్లే ఆపుతారు.

దేవుడు అప్పలరాజును బతికించాడు, స్తోత్రం. డ్రైనేజీ పని ఇక చేయలేడు, కాలేయం సగం పోయింది. తాగుడు మానేశాడు, వేరేచోట ఇంకొక కూడికకు వెళ్తున్నాడు. నేను ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. పైడితల్లి మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది. అతను తన కాళ్ల వైపు చూస్తూ చెప్పాడు.

"నాకేటీ కోపం నేదన్నియ్యా. గానీ నీ ముందల ఇంక నిజం సెప్పనేను."

క్షమాపణ దొరికింది, మనిషి దొరకలేదు. మానేసి అతనికి ఎన్నాళ్లయిందో నాకు తెలియదు, అడిగే ముఖం నాకు లేదు. ఎక్కడో ఒక గదిలో, నాకు పేరు కూడా తెలియని ఒకరి ముందు అతను నిజం చెప్తున్నాడు. అందుకు నేను దేవుణ్ణి ప్రతిరోజూ స్తుతిస్తాను, స్తుతిస్తూ ఏడుస్తాను.

చదువుతున్న సహోదరుడా, సహోదరీ, నువ్వు ఇంకొకరిని నడిపిస్తూ లోపల జారిపోతున్నావా? ఎవరో నిన్ను ఊరుకోమన్నారా? దేవుని మహిమకు మన అబద్ధపు ఆసరా అక్కర్లేదు, ఆయనను నమ్మి నోరు విప్పు. బుధవారం సాయంత్రం మా దగ్గరికి రా. నిన్న తాగి ఉంటే, నిన్న తాగానని చెప్పు. అది విని కూడా గదంతా దేవునికే మహిమ అంటుంది.